జర్మనీకి కుటుంబంతో వెళ్తున్నారా? ముందు ఇంట్లో ఉండే మనిషి సంగతి చూడండి

మీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను. మీది చిత్తూరు. స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం వచ్చింది, బ్లూ కార్డు (పెద్ద చదువు చదివిన ఉద్యోగులకు ఇచ్చే నివాస, పని అనుమతి) మీద రెండు నెలల్లో బయలుదేరుతున్నారు. మీ శ్రీమతి బీఈడీ చేసి ఎనిమిదేళ్లుగా బడిలో లెక్కలు చెబుతున్నారు. పాపకు ఏడేళ్లు, బాబుకు మూడు. అమ్మగారు చిత్తూరులోనే ఉండిపోతారు. చలి గురించి, తిండి గురించి, పిల్లల చదువు గురించి, అద్దె ఇంటి గురించి వివరంగా అడిగారు. మీ శ్రీమతి గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు: "తను ఇంట్లోనే ఉంటుంది కాబట్టి తనకు పెద్దగా ఇబ్బంది ఉండదు." ఆ వాక్యం చదివాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇంత పొడుగు సమాధానం రాస్తున్నాను.

నేను తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని. 2013 నవంబరు నుంచి 2022 దాకా స్టుట్‌గార్ట్ పక్కనే ఉన్న ఎస్లింగెన్‌లో కాపురం ఉన్నాం. వెళ్లేటప్పటికి మా అబ్బాయికి ఆరేళ్లు, అమ్మాయికి రెండున్నర. ఇప్పుడు మళ్లీ తిరుపతిలో, బైరాగిపట్టెడలో ఉంటున్నాం.

ఉద్యోగానికి వెళ్లే మీకు మొదటి రోజే ఒక బల్ల, ఒక కుర్చీ, ఇంగ్లిషు మాట్లాడే తోటి ఉద్యోగులు సిద్ధంగా ఉంటారు. పిల్లలకు ఏడ్చినా నవ్వినా ఒక బడి ఉంటుంది. ఇంట్లో మిగిలిన మనిషికి ఏమీ ఉండదు. చిత్తూరులో మీ శ్రీమతిని పొద్దున లేచింది మొదలు ఎంతమంది పలకరిస్తారో ఒక రోజు లెక్కపెట్టి చూడండి. పాలు పోసే ఆయన, పూలమ్మే ఆవిడ, ఆటో అతను, బడిలో తోటి టీచర్లు, పిల్లల తల్లులు, ఎదురింటివారు. వీధిలో నడిచి వెళ్తుంటే పాత విద్యార్థులు ఆగి నమస్కారం పెడతారు. అక్కడ దిగిన మరునాటి నుంచి పిల్లలు కాక ఆమెతో మాట్లాడే మనిషి మీరొక్కరే. మీరేమో అలసిపోయి సాయంత్రం ఆరింటికి ఇంటికి వస్తారు.

నా మొదటి ఫిబ్రవరి చెబుతాను. అమ్మాయికి జలుబు, బయట మంచు, అబ్బాయిని బడికి మా ఆయనే దింపేవారు. అలా పదకొండు రోజులు గడప దాటలేదు. పన్నెండో రోజు చెత్త పారవేయడానికి కిందికి దిగితే మెట్ల మీద పొరుగావిడ ఎదురై "గ్రూస్ గాట్" అన్నారు. ఆ ప్రాంతంలో నమస్కారం అలాగే చెబుతారు. తిరిగి చెప్పబోతే నాకు గొంతు పెగల్లేదు. ఆ సాయంత్రం అమ్మ ఫోను చేసి "ఎలా ఉన్నావమ్మా" అంటే "బాగున్నాను" అన్నాను. ఫోను పెట్టేశాక పొయ్యి దగ్గరే నిలబడి చాలాసేపు ఏడ్చాను. చలికి ఎవరూ అలా ఏడవరు.

కాబట్టి నా మొదటి సలహా దుప్పట్ల గురించి కాదు. ఈ రెండు నెలల్లో మీ శ్రీమతిని రోజూ ఒక గంట జర్మన్ నేర్చుకోనివ్వండి. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి వీసా కోసం జర్మన్ పరీక్ష అక్కర్లేదు. ఆ సౌకర్యం వల్లనే మనవాళ్లు చాలామంది ఒక్క ముక్క రాకుండా విమానం ఎక్కుతారు. అంకెలు, రోజులు, గడియారం, కూరగాయల పేర్లు, ఫోనులో వైద్యుడి అపాయింట్‌మెంటు అడగడం, ఇంతవరకు వస్తే చాలు. అంకెల దగ్గరే ఒక చిక్కుంది, లెక్కల టీచరు గనుక ఆమెకు సరదాగానే ఉంటుంది: నలభై అయిదును వాళ్లు "అయిదూ నలభై" అని చదువుతారు. ఫోను నంబరు ఎవరైనా గబగబా చెబుతుంటే రాసుకోవడం నాకు ఏడాది దాకా కుదరలేదు.

అక్కడికి వెళ్లాక దాదాపు ప్రతి ఊళ్లోనూ ఫోల్క్స్‌హోఖ్‌షూలె అని ఉంటుంది. పెద్దల కోసం ప్రజాధనంతో నడిచే బడి అది. భాషా తరగతులు తక్కువ రుసుముకే చెబుతారు. ప్రభుత్వ అనుసంధాన కోర్సు అని మరొకటి ఉంది. అందులో సాధారణంగా 600 గంటలు భాష, 100 గంటలు దేశం గురించిన పాఠాలు. ఆమెకు నివాస అనుమతి ఇచ్చే కార్యాలయంలోనే దాని గురించి అడగండి. నాకు అక్కడ ఊపిరి వచ్చింది ఆ తరగతిలోనే. ఒక పక్కన సిరియా నుంచి వచ్చిన మందుల దుకాణం ఆవిడ, ఇంకో పక్కన పోలండు నుంచి వచ్చిన వంటమనిషి, అందరం తప్పులతోనే మాట్లాడేవాళ్లం. వారానికి నాలుగు పొద్దుటి పూటలు నన్ను పేరు పెట్టి పిలిచే చోటు ఒకటి దొరికింది.

అయితే ఆమె తరగతికి వెళ్తే బాబును ఎవరు చూస్తారు? అసలు ముడి ఇక్కడే ఉంది. అక్కడ శిశు విద్యాలయాన్ని కిటా అంటారు. ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ అందులో చోటు పొందే హక్కు 2013 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. హక్కు ఉన్నా చోటు మాత్రం వెంటనే దొరకదు, నెలల తరబడి వేచి ఉండాలి. ఇంటి చిరునామా ఖాయమైన రోజే దరఖాస్తు పెట్టండి, ఒక్కచోట కాదు, నాలుగైదు చోట్ల. చోటు దొరికాక కూడా మొదటి రోజే బిడ్డను వదిలి రానివ్వరు. రెండు మూడు వారాలు తల్లో తండ్రో పక్కన కూర్చోవాలి. మొదట ఒక గంట, తరవాత మీరు పది నిమిషాలు బయటికి వెళ్లి రావడం, తరవాత అరగంట, అలా అలవాటు చేస్తారు. నేను ఆ మూడు వారాలు మోకాలెత్తు కుర్చీలో గోడవారగా కూర్చున్నాను. మా అమ్మాయి తొలి రెండు రోజులు నా చున్నీ కొస వదల్లేదు. ఆరో రోజు కొస వదిలి బొమ్మల వంటగది దాకా వెళ్లి, వెనక్కి తిరిగి నేనున్నానా అని చూసి, మళ్లీ ఆటలో పడింది. ఆ మూడు వారాల్లో కనీసం ఒక వారం మీరు సెలవు పెట్టి కూర్చోండి. సెలవు సంగతి ఉద్యోగంలో చేరినప్పుడే చెప్పుకోండి. అక్కడ తండ్రులు అలా అడగడం మామూలే.

ఉద్యోగం విషయం. మీ శ్రీమతికి వచ్చే అనుమతి మీద ఆమె మొదటి రోజు నుంచే ఏ పనైనా చేయవచ్చు. ప్రభుత్వ బడిలో టీచరు కావాలంటే మాత్రం చదువుకు అక్కడి గుర్తింపు తెచ్చుకోవాలి, జర్మన్ బాగా ఉన్నత స్థాయిలో రావాలి. అది ఏళ్లు పట్టే పని. అలాగని ఆ దారి మూసేయకండి. డిగ్రీ, బీఈడీ పట్టాలు, మార్కుల జాబితాలు, ఆ సంవత్సరాల పాఠ్యప్రణాళిక ప్రతులు, బడి ఇచ్చే అనుభవ పత్రం, ఇవన్నీ ఇప్పుడే తీసుకోండి. విశ్వవిద్యాలయ కార్యాలయంలో మనిషి ఎదురుగా నిలబడి అడిగితే దొరికే కాగితం ఎస్లింగెన్ నుంచి ఫోనులో అడిగితే దొరకదు. నేను ఒక్క పత్రం కోసం పద్నాలుగు నెలలు తిరిగాను, చివరికి మా తమ్ముడు వెళ్లి తెచ్చాడు. పిల్లల సంరక్షణ కేంద్రాలలో అక్కడ సిబ్బంది కొరత ఉంది. భాష కుదిరాక టీచరుగా పనిచేసిన మనిషికి అటువైపు తలుపులు తెరుచుకుంటాయి.

ఇక కాగితాలు. మన ప్రాంతంలో చాలామంది పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా తండ్రి పేరులోని మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది. భార్యకు ఒక ఇంటిపేరు, పిల్లలకు తండ్రి పేరే ఇంటిపేరు, ఇలా ఒక కుటుంబంలో నలుగురికి నాలుగు రకాలు. మనకు ఇందులో వింతేమీ లేదు. అక్కడి కార్యాలయాలలో మాత్రం ప్రతి బల్ల దగ్గరా ఇదే ప్రశ్న అడుగుతారు. వీసాకు దరఖాస్తు చేయకముందే తిరుపతి పాస్‌పోర్టు కేంద్రంలో నలుగురివీ సరిచేయించుకోండి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే ముగుస్తుంది, ఆ తేదీలు కూడా చూడండి. గుడిలో పెళ్లయింది, ఫొటోలున్నాయి అంటే చెల్లదు, రిజిస్ట్రారు ఇచ్చిన వివాహ ధ్రువపత్రం కావాలి.

పేర్లతో ముడిపడిన ఇంకో చిన్న విషయం, చాలా ముఖ్యమైనది. జర్మనీలో ప్రతి పనీ ఉత్తరాల మీదే నడుస్తుంది. పన్ను సంఖ్య, బ్యాంకు కార్డు రహస్య సంఖ్య, బీమా కార్డు, నివాస అనుమతి పిలుపు, అన్నీ తపాలాలోనే వస్తాయి. ఫ్లాటు సంఖ్య మన దగ్గరలా చిరునామాలో ఉండదు, ఉత్తరాల పెట్టె మీద ఉన్న పేరు చూసి వేస్తారు. మా పెట్టె మీద మా ఆయన ఇంటిపేరు మాత్రమే అతికించాం. నా పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉంది. నా పేరున వచ్చిన అనుమతి ఉత్తరం "ఈ చిరునామాలో ఇలాంటివారు లేరు" అని వెనక్కి పోయింది, ఆ పని రెండు నెలలు ఆగింది. ఇల్లు చేరిన రోజే పెట్టె మీద, గంట బటను పక్కన, నలుగురి ఇంటిపేర్లూ రాసి అతికించండి. ఇల్లు చేరిన రెండు వారాల లోపు ఊరి పౌర కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. ఇంటి యజమాని సంతకం చేసిన నివాస ధ్రువీకరణ పత్రం అడిగి తీసుకోండి, అది లేనిదే నమోదు జరగదు.

ఇల్లు వెతికేటప్పుడు వంటగది ఉందో లేదో చూడండి. చాలా ఇళ్లలో వంటగది అంటే నాలుగు గోడలు, ఒక కుళాయి గొట్టం, అంతే. పొయ్యి, సింకు, అలమరలు మీరే కొనుక్కోవాలి. అద్దె రెండు రకాలుగా చెబుతారు: చల్లని అద్దె, వెచ్చని అద్దె. రెండోదానిలో వేడి, నీళ్లు, మెట్ల శుభ్రత వంటి ఖర్చులు కలిసి ఉంటాయి. అడ్వాన్సు మూడు నెలల చల్లని అద్దెకు మించి అడగకూడదని చట్టం.

ఆ ఇంట్లో మన వంటకు కొన్ని జాగ్రత్తలు కావాలి. పడకగదుల్లో, నడవాలో పైకప్పుకు పొగ కనిపెట్టే పరికరం ఉంటుంది. ఎండుమిరపకాయల తాలింపు ఘాటు నడవాలోకి పోయిందంటే అది చెవులు పగిలేలా అరుస్తుంది. కిటికీ తెరిచి, వంటగది తలుపు మూసి తాలింపు వేయండి. రోజుకు రెండు మూడుసార్లు కిటికీలు పూర్తిగా తెరిచి అయిదు పది నిమిషాలు గాలి మార్చాలి, మంచు కురుస్తున్నా సరే. అన్నం ఆవిరి, ఇంట్లో ఆరేసిన బట్టల తడి గోడలకు పట్టి నల్లటి బూజు వస్తే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోస్తారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, రోజంతా శబ్దం చేయకూడదు. పాత ఇళ్లలో చెక్క నేల కింది ఇంటికి ప్రతి కదలికనూ చేరవేస్తుంది. ఆదివారం చట్నీకి శనివారం సాయంత్రమే మిక్సీ వేసుకోండి, మిక్సీ కింద మడతపెట్టిన తువాలు వేయండి.

స్టుట్‌గార్ట్ ప్రాంతానికే ప్రత్యేకమైనది ఒకటుంది, దాన్ని ముందే తెలుసుకొని వెళ్తే నాలా నెల రోజులు బాధపడరు. ఒక సోమవారం ఉదయం మా తలుపు పిడికి తాడుతో చిన్న చెక్క పలక వేలాడుతోంది. దాని మీద "కేర్‌వోఖె" అని ఉంది. అర్థం కాక అలాగే ఉంచాను. వారం గడిచింది. కింది అంతస్తు పెద్దావిడ నన్ను చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. మా రంగు చూసి అలా ఉంటున్నారేమోనని కుమిలిపోయాను. చివరికి మా ఆయన ఆఫీసులో ఒకరు చెప్పారు: ఆ మాటకు అర్థం ఊడ్చే వారం. పలక ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం మెట్లు, వాకిలి శుభ్రం చేసే వంతు వారిది. తరవాతి వంతు వచ్చిన శనివారం చీపురు, బకెట్టు తీసుకొని దిగాను. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గు పెట్టే ఇంట్లో పెరిగినదాన్ని, చేతులకు తెలిసిన పనే. మూడో మెట్టు తుడుస్తుండగా పెద్దావిడ తలుపు తెరిచారు. ఒక నిమిషం చూసి, లోపలికి వెళ్లి, గట్టి కుచ్చు ఉన్న చిన్న బ్రష్షు తెచ్చి, మెట్టు మూలలో ఇరుక్కున్న దుమ్ము ఎలా లాగాలో వంగి చూపించారు. అప్పటికి ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ బ్రష్షు నాకే ఇచ్చేశారు. ఇప్పుడు ఇక్కడి ఇంట్లో మా పూజగది గడప నేను దానితోనే శుభ్రం చేస్తాను.

మీ పాప చదువు. ఆరేళ్లు నిండిన పిల్లలు తప్పనిసరిగా బడికి వెళ్లాలి, ఇంట్లో చదివించుకుంటామంటే ఒప్పుకోరు. స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రంలో జర్మన్ రాని పిల్లలకు సన్నాహక తరగతులు ఉన్నాయి. మీ పాపను అందులో వేసే అవకాశం ఎక్కువ. తట్టు టీకాలు వేయించినట్టు రుజువు లేకపోతే కిటాలో చేర్చుకోరు, బడిలోనూ ఆ రుజువు చూపాలి, 2020 మార్చి నుంచి అది చట్టం. టీకాల కార్డుల అసలు ప్రతులు చేతి సంచిలో పెట్టుకోండి, తేదీలన్నీ ఇంగ్లిషులో రాయించి వైద్యుడి సంతకం తీసుకోండి.

మా అబ్బాయి బడిలో నాలుగు నెలలు నోరు విప్పలేదు. ఇంట్లో గలగలా మాట్లాడేవాడు, బడి గేటు దాటితే మౌనం. నేను భయపడి, ఇంట్లో కూడా వాడితో నా వచ్చీరాని జర్మన్‌లో మాట్లాడడం మొదలుపెట్టాను. వాళ్ల టీచరు పిలిచి అది మానేయమన్నారు. "మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, కథలు చెప్పండి, ఇక్కడి భాష మేం నేర్పుతాం" అన్నారు. కొత్త భాషలో పడిన చిన్నపిల్లలు కొంతకాలం మాట్లాడకుండా వినడం సహజమని నాకు అప్పుడు తెలిసింది. మే నెలలో ఒకరోజు బంతి ఆటలో "అది నాది" అని గట్టిగా అరిచాడట, అదే మొదటి వాక్యం. మీ పాప మౌనంగా ఉంటే కంగారు పడకండి, ఇంట్లో తెలుగు ఆపకండి. రెండేళ్లయ్యేసరికి అక్కాతమ్ముళ్లిద్దరూ తమలో తాము జర్మన్‌లోనే మాట్లాడుకుంటారు. అప్పుడు తెలుగు వెనక్కి రావడం చాలా కష్టం. మేం రోజూ రాత్రి పావుగంట తెలుగు చదివించాం, వారానికి ఒక ఉత్తరం అమ్మమ్మకు రాయించాం. తిరిగి వచ్చాక ఇక్కడి బడిలో ఆ పావుగంటే ఆదుకుంది.

చిన్న తరగతుల బడి చాలాచోట్ల మధ్యాహ్నానికే వదిలేస్తారు. ఆ తరవాత పిల్లలను చూసే ఏర్పాటు వేరుగా అడిగి తీసుకోవాలి. పూర్తి రోజు సంరక్షణను హక్కుగా ఇచ్చే చట్టం 2026 ఆగస్టులో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పెరుగుతుంది. 2026-27లో మీ పాప రెండో తరగతిలో చేరితే ఆ హక్కు ఆమెకు వర్తించదు. ఇది పాప విషయంలా కనిపిస్తుంది గానీ, మీ శ్రీమతి తరగతికి వెళ్లగలరా లేదా అన్నది దీని మీదే ఆధారపడుతుంది.

తిండికి బెంగ అక్కర్లేదు. బియ్యం, పప్పులు, చింతపండు భారతీయుల దుకాణాల్లో, శ్రీలంక తమిళుల దుకాణాల్లో దొరుకుతాయి. రాగిపిండి తమిళుల దగ్గర "కురక్కన్" అన్న పేరుతో ఉంటుంది, సంగటి చక్కగా కుదురుతుంది. నెయ్యి, పనీరు, మాంసం పచ్చళ్లు తీసుకెళ్లకండి, పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషిద్ధం. మామిడిపండ్లు, కరివేపాకు కూడా పెట్టుకోవద్దు. అక్కడి వెన్న కాచి చూడండి, మంచి నెయ్యి వస్తుంది. చలికాలంలో పెరుగు తోడుకోవాలంటే గిన్నెను ఓవెన్‌లో దీపం మాత్రం వేసి రాత్రంతా ఉంచండి.

చలి దుస్తులు ఇక్కడ కొనకండి, అక్కడే కొనండి. చలికన్నా చీకటి ఎక్కువ బాధిస్తుంది. డిసెంబరులో ఎనిమిది దాటాక తెల్లవారి, సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. పగటి వెలుగులో రోజూ ఒక గంట బయట నడవాలని నియమం పెట్టుకోండి. స్టుట్‌గార్ట్ గిన్నెలాంటి లోయలో ఉంది, చుట్టూ ద్రాక్షతోటలు, కొండ వాలుల్లో 400కు పైగా మెట్లదారులు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన కాళ్లకు అవి లెక్కలోవి కావు. మా పిల్లలు ప్రతి దారికీ మెట్లు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకొనేవాళ్లు.

ఆరోగ్య బీమాలో ప్రభుత్వ పద్ధతిది తీసుకుంటే ఉద్యోగం లేని భార్య, పిల్లలు మీ చందాలోనే కలుస్తారు, ప్రైవేటుదైతే ఒక్కొక్కరికీ వేరుగా కట్టాలి. పిల్లల వైద్యుడిని జ్వరం రాకముందే వెతికి నమోదు చేసుకోండి. రాత్రివేళ, సెలవు రోజుల్లో వైద్యుడు కావాలంటే 116117, ప్రాణాపాయమైతే 112. మీ లైసెన్సుతో కారు ఆరు నెలలే నడపవచ్చు, తరవాత అక్కడి పరీక్షలు రాయాలి.

అమ్మగారికి రోజూ ఒకే వేళకు ఫోను చేయండి. చిత్తూరులో రాత్రి ఎనిమిదైతే అక్కడ చలికాలంలో మధ్యాహ్నం మూడున్నర, వేసవిలో నాలుగున్నర. మీరు ఆఫీసులోనే ఉంటారు, కాబట్టి ఆ ఫోను మాట్లాడేది మీ శ్రీమతి, పిల్లలు. అత్తగారికి ధైర్యం చెప్పే పనంతా ఆమె మీదే పడుతుంది. శని, ఆదివారాలు ఆ ఫోను మీరు చేసి, ఆమెను ఆ గంట తన అమ్మతో విడిగా మాట్లాడుకోనివ్వండి.

ఈ సమాధానం ముందు ఆవిడకు చదివి వినిపించండి. స్టుట్‌గార్ట్‌లో ఏ ప్రాంతంలో ఇల్లు చూస్తున్నారో ఖాయమయ్యాక రాస్తే, దగ్గరలో ఉన్న ఫోల్క్స్‌హోఖ్‌షూలె ఎక్కడో, ఏ ట్రాము ఎక్కాలో చెబుతాను. ఆమె స్వయంగా రాసినా సంతోషమే, ఆమెను ఏ సందేహమైనా అడగమనండి.